గేరు లేని సైకిల్‌కీ చోటివ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోని సైక్లింగ్ క్లబ్బుల నిర్వాహకులకు, రైడ్ లీడర్లకు నమస్కారం.

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే, మా అపార్ట్‌మెంట్ గేటు పక్కనుండే ఇస్త్రీ బండి వాళ్ళబ్బాయి మెట్టు మీద కూర్చుని కనిపించాడు. సైకిల్ గోడకి ఆనించి ఉంది. టైం ఆరున్నర. ఆ టైంకి వాడు గండిపేట దారిలో ఉండాలి. ముందురోజు సాయంత్రం నేనే వాడి టైర్లలో గాలి చూసి, చైన్‌కి ఆయిల్ వేసి, నా పాత హెల్మెట్ పట్టీ బిగించి ఇచ్చాను. మా అమ్మకి ఒంట్లో బాగోక నేను మాత్రం వెళ్ళలేకపోయాను.

"ఏంరా, అప్పుడే వచ్చేశావు?"

"గేర్ సైకిల్ ఉంటేనే రావాలంట ఆంటీ. స్టాండు, క్యారేజీ ఉన్నది గ్రూపులో కుదరదన్నారు." హెల్మెట్ తీసి నా చేతికిచ్చి, నా మొహం చూసి వెంటనే అన్నాడు: "తిట్టలేదు ఆంటీ. మంచిగానే చెప్పారు."

ఆ చివరి మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. వెనక్కి పంపించేసినవాళ్ళ తరఫున నాకు సర్దిచెబుతున్నాడు.

అది ఏ క్లబ్బో నేను రాయను. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోవట్లేదు. వేగంగా వెళ్ళే గుంపులో బరువైన సైకిల్ వెనకబడితే ఇబ్బందేనని నాకూ తెలుసు. కానీ ఆ పిల్లవాడు ఆ ఆదివారం అక్కడిదాకా ఎలా వచ్చాడో మీకు తెలియాలి. అందుకే ఈ ఉత్తరం.

2024లో పారిస్ పారాలింపిక్స్ జరుగుతున్నప్పుడు ఒక సాయంత్రం ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి కిందికి వెళ్ళాను. తండ్రీకొడుకులిద్దరూ ఫోను మీదికి వంగి ఉన్నారు. వాళ్ళది నంద్యాల దగ్గర పల్లె. తండ్రి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ ఫోను నాకు చూపించాడు. "చూడండి మేడం, ఆయప్పది మా నంద్యాలే" అన్నాడు. ఆ ఆయప్ప షేక్ అర్షద్. కాలు కోల్పోయిన సైక్లిస్టు. ఆయన, మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా కలిసి ఆ ఏడాది పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ తరఫున పోటీపడ్డారు. మన దేశం నుంచి పారాలింపిక్స్‌లో సైకిల్ తొక్కిన మొదటి ఇద్దరూ వాళ్ళే. పతకం రాలేదు. ఇస్త్రీ బండి దగ్గర ఆ సంగతి ఎవరూ అడగలేదు.

తర్వాత రెండు మూడు రోజులకి రాత్రి తొమ్మిదింటప్పుడు సెల్లార్‌లో ఏదో చప్పుడవుతుంటే చూశాను. పిల్లవాడు సైకిల్ మీద ఉన్నాడు. ఎడమ కాలు పెడల్ మీంచి తీసేసి పక్కకి వేలాడేసి, కుడి కాలొక్కదానితో తొక్కడానికి చూస్తున్నాడు. పెడల్ కిందిదాకా వెళ్తోంది, మళ్ళీ పైకి రావట్లేదు. సైకిల్ వాలిపోతోంది, కాలు కింద పెడుతున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. పాదాన్ని పెడల్‌కి కట్టేస్తే తప్ప ఒక్క కాలితో పైకి లాగడం కుదరదని నేను చెప్పేసరికి, చొక్కా జేబులోంచి బట్టల మూటలు కట్టే గుడ్డ పీలిక తీసి చూపించాడు. "ఇది సరిపోతదా ఆంటీ?" పడిపోతావు, కట్టొద్దని చెప్పి ఆపాను. ఆ రాత్రి నుంచి వాడు నాకు సైక్లింగ్‌లో తోడు.

ఇది నాకు కొత్త కాదు. పన్నెండేళ్ళ ముందు, వేరే దేశంలో, నాకూ ఇలాగే జరిగింది.

2012లో మేం దక్షిణ లండన్‌లో ఉండేవాళ్ళం. ఆ జూలై 22న బ్రాడ్లీ విగ్గిన్స్ ఫ్రాన్స్‌లో మూడు వారాలపాటు జరిగే పెద్ద సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. అంతకుముందు ఏ బ్రిటిష్ సైక్లిస్టూ గెలవలేదు. ఐదు రోజులకి లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో టూర్ విజేత వేసుకునే పసుపు జెర్సీతో వచ్చి గంట మోగించింది కూడా అతనే. ఆగస్టు 1న హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ దగ్గర ఒలింపిక్స్ టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెం. రోడ్డు పక్కన నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదని ఆఫీసులో చెబితే, ఏడేళ్ళ మా అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. జనం నేల ఈనినట్టు ఉన్నారు. విగ్గిన్స్‌కి చెంపల మీద పొడుగాటి జుట్టుండేది. పిల్లా పెద్దా అట్టముక్కతో చేసిన అలాంటి చెంపల్నే అంటించుకుని నిలబడ్డారు. ముందు హెలికాప్టర్ చప్పుడు, తర్వాత మోటార్ సైకిళ్ళు, ఆ తర్వాత వెనక చక్రం నుంచి 'హుం' అని ఒక లోతైన శబ్దం. మనిషిని చూసింది మూడు సెకన్లు, అంతే. 44 కిలోమీటర్లు 50 నిమిషాల 39 సెకన్లలో పూర్తి చేసి బంగారు పతకం గెలిచాడు.

అతను వెళ్ళిపోయాక మావాడు నన్నడిగాడు: "అమ్మా, నువ్వు సైకిల్ తొక్కుతావా?"

"తొక్కేదాన్ని" అన్నాను.

తెనాలి దగ్గర మా ఊళ్ళో మా నాన్నగారి అట్లాస్ సైకిల్ బార్ కిందనుంచి కాలు దూర్చి నేర్చుకున్నాను. సీటు అందేసరికి ఇద్దరు స్నేహితురాళ్ళని ఎక్కించుకుని కాలవ గట్టు మీద తిప్పేదాన్ని. తొమ్మిదో తరగతి అయ్యాక, పెద్దదానివయ్యావు ఇక చాలన్నారు. మానేశాను. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళు సైకిల్ ముట్టుకోలేదు. ఆ రోజు ట్రైన్‌లో ఇంటికొస్తుంటే దారి పొడుగునా నా మాటే నాకు వినిపించింది. తొక్కేదాన్ని.

వారం తిరక్కుండా సెకండ్ హ్యాండ్ సైకిల్ ఒకటి కొన్నాను. అయితే ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. నేను విగ్గిన్స్‌ని చూసొచ్చిన ఆ ఆగస్టు 1 రాత్రే, ఒలింపిక్ పార్క్ దగ్గర మీడియావాళ్ళని తీసుకెళ్ళే బస్సు తగిలి ఒక సైక్లిస్టు చనిపోయారు. మర్నాడు టీవీలో ఆ వార్త చూసి మావారు వద్దంటే వద్దన్నారు. నాకూ కాళ్ళు వణికాయి. కొన్న సైకిల్ నెల రోజులు హాల్లోనే ఉంది. ఛాంపియన్ని చూసి వచ్చిన ఊపు అంతవరకే పనిచేసింది. సైకిల్ కొనిపించింది. రోడ్డు మీదికి మాత్రం తీసుకెళ్ళలేకపోయింది.

తీసుకెళ్ళింది ఒక రిటైర్డ్ టీచరు. బ్రిటిష్ సైక్లింగ్ సంస్థ 2011లోనే 'బ్రీజ్' అని ఆడవాళ్ళ కోసం ఉచిత రైడ్లు మొదలుపెట్టింది. నడిపేవాళ్ళందరూ ట్రైనింగ్ తీసుకున్న వాలంటీర్లు, ఆడవాళ్ళే. సెప్టెంబరులో ఒక శనివారం అలాంటి రైడ్‌కి వెళ్ళాను. ఎనిమిది మందిమి. పది మైళ్ళు. ఎవరి సైకిల్ ఏమిటని ఎవరూ అడగలేదు. ఒకావిడ హ్యాండిల్‌కి ముందు బుట్ట ఉంది. బయల్దేరేముందు ఆ టీచరు చెప్పింది రెండే మాటలు: ఎవర్నీ వదిలి వెళ్ళం, నడవాలనిపిస్తే నడవొచ్చు. మొదటి ఎత్తు దగ్గరే నా ఊపిరి అయిపోయింది. సిగ్గుతో దిగి సైకిల్ నెట్టుకుంటూ నడుస్తున్నాను. వెనక్కి చూస్తే ఆవిడ కూడా దిగి నడుస్తోంది. అరవై దాటిన మనిషి, ఆ ఎత్తు ఎక్కడం ఆవిడకి లెక్కే కాదు. ఏమీ మాట్లాడలేదు. పైకి చేరాక ఇద్దరం మళ్ళీ ఎక్కాం.

విగ్గిన్స్ పేరు నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. కానీ నేను ఇవాళ్టికీ సైకిల్ మీద ఉన్నానంటే ఆ ఎత్తు దగ్గర దిగి నడిచిన మనిషి వల్ల. మీ చేతిలో ఉన్నది సరిగ్గా ఆ పని. అందుకే ఈ ఉత్తరం ప్రభుత్వానికి కాకుండా మీకు రాస్తున్నాను.

బ్రిటన్‌లో ఆ తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బ్రిటిష్ సైక్లింగ్ సభ్యుల సంఖ్య 2012లో 50 వేలు దాటింది, 2014కల్లా లక్షకి చేరింది. అందరూ దీన్ని విగ్గిన్స్ ఖాతాలో వేస్తారు. నేను అక్కడ చూసిందాన్నిబట్టి, విగ్గిన్స్ గెలిచే నాటికే తలుపులు తీసి ఉన్నాయి. మాంచెస్టర్ వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, 1994లో కట్టారు. అక్కడి జాతీయ లాటరీ డబ్బులు 1997 నుంచి క్రీడలకి రావడం మొదలైంది. 2009 నుంచి నగరాల్లో రోడ్లు మూసేసి ఎవరైనా సైకిల్ తొక్కే పండగలు పెట్టారు. 2010లో లండన్ వీధుల్లో అద్దె సైకిళ్ళొచ్చాయి. 2011లో బ్రీజ్. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి, 2012 వేసవిలో టీవీ ముందు నుంచి లేచి బయటికొచ్చిన జనానికి వెళ్ళడానికి ఒక చోటుంది. ముందుగా కాలవ తవ్వి ఉంచితే వాన కురిసినప్పుడు నీళ్ళు చేలోకి వెళ్తాయి. లేకపోతే రోడ్డు మీద రెండు రోజులు నిలిచి ఇంకిపోతాయి.

విగ్గిన్స్ కూడా ఇలా వచ్చినవాడే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటిష్ సైక్లిస్టు క్రిస్ బోర్డ్‌మన్ బంగారు పతకం గెలవడం టీవీలో చూసినప్పుడు అతనికి పన్నెండేళ్ళు. అతనుండేది కిల్బర్న్‌లో, తల్లి పెంపకంలో. ఆ పిల్లవాడు వెళ్ళడానికి అదే నగరంలో హెర్న్ హిల్ ట్రాక్ ఉంది. 1891లో కట్టింది, 1948 ఒలింపిక్స్ సైక్లింగ్ జరిగిన చోటు. మావాడిని కూడా ఒక శనివారం అక్కడికి తీసుకెళ్ళాను. సైకిలూ హెల్మెటూ వాళ్ళే ఇచ్చారు. సైకిల్ చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మావాడు బెదిరిపోయాడు. "అమ్మా, దీనికి బ్రేకులేవీ?" ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు. గేర్లూ ఉండవు. చక్రం తిరుగుతున్నంత సేపు పెడల్ కూడా తిరుగుతూనే ఉంటుంది, కాళ్ళతోనే నెమ్మది చేయాలి. కోచ్ రైలింగ్ పట్టుకుని నిలబెట్టి, సీటు వెనక చెయ్యేసి, సగం చుట్టు పక్కనే పరిగెత్తాడు. మావాడు ఆ తర్వాత ఫుట్‌బాల్‌కి మారిపోయాడు. అది వేరే సంగతి. వచ్చిన ప్రతి పిల్లవాడి పక్కనా ఆ రోజు ఎవరో ఒకరు పరిగెత్తారు.

ఛాంపియన్ల గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2012 అక్టోబరులోనే అమెరికా సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్ టైటిళ్ళూ డోపింగ్ వల్ల పోయాయి. 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి విగ్గిన్స్ జట్టు టీమ్ స్కై మందుల విషయంలో నైతిక గీత దాటిందని రాసింది. విగ్గిన్స్ ఒప్పుకోలేదు, తాను మోసం చేయలేదన్నాడు. ఆ నివేదిక చదివిన రోజు నాకు బాధేసింది. అయినా మర్నాడు పొద్దున సైకిల్ తీశాను. అప్పటికి నా సైక్లింగ్ విగ్గిన్స్ మీద ఆధారపడి లేదు, నాతో తొక్కేవాళ్ళ మీద ఆధారపడి ఉంది. ఒక్క హీరో మీదే కొత్తవాళ్ళని నిలబెడితే, ఆ హీరోకి మచ్చ పడ్డ రోజున వాళ్ళూ వెళ్ళిపోతారు. పక్కన మనుషులుంటే ఉండిపోతారు.

ఇప్పుడు మన సంగతి. ఛాంపియన్ గెలిస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, తర్వాత హైదరాబాద్‌లో అకాడమీ పెట్టాడు. సైనా 2012లో లండన్ నుంచి, సింధు 2016లో రియో నుంచి పతకాలు తెచ్చేసరికి, రాకెట్ పట్టుకుని వచ్చిన పిల్లలకి కోర్టూ కోచూ సిద్ధంగా ఉన్నారు. సింధు ఫైనల్ ఆడిన మర్నాడు మా కాలనీలో షటిల్ కాక్‌లు దొరకలేదని మా చెల్లెలు ఫోన్‌లో చెప్పింది.

సైక్లింగ్‌లో మనకి ఛాంపియన్లు లేరా అంటే ఉన్నారు. అండమాన్ అమ్మాయి డెబోరా హెరాల్డ్ 2004 సునామీలో చెట్టు పట్టుకుని ప్రాణాలు దక్కించుకుంది. పెరిగి పెద్దదై దేశానికి ట్రాక్ సైక్లింగ్‌లో పతకాలు తెచ్చింది. అదే అండమాన్ నుంచి ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ అనే ట్రాక్ పందెంలో వెండి పతకం గెలిచాడు. 2019లో జర్మనీలో మన జూనియర్లు టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ 2022లో ఢిల్లీలో ఆసియా పోటీల స్ప్రింట్‌లో వెండి తెచ్చాడు. మా ఆఫీసులో క్రికెట్ స్కోర్లు బంతి బంతికీ చెప్పేవాళ్ళున్నారు, ఈ పేర్లలో ఒక్కటి కూడా వినలేదన్నారు. ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ ఉందన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు.

పైన చెప్పిన ఈ ట్రాక్ సైక్లిస్టులందరి గురించి ఒక విషయం మీకు గుర్తుచేయాలి. వాళ్ళు పతకాలు గెలిచింది గేరు లేని సైకిళ్ళ మీద. టూర్ ద ఫ్రాన్స్‌లో కూడా 1937 వరకూ ఇప్పటిలా గేర్లు మార్చే పరికరాన్ని అనుమతించలేదు. మీలో ఎంతోమంది ఇష్టంగా చేసే బ్రెవేల్లో, అంటే గడువులోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లలో, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలంటారు తప్ప ఎన్ని గేర్లుండాలని ఎవరూ అడగరు. మనిషి బలంతో నడిచే బండి అయితే చాలు. పదమూడున్నర గంటల రైడ్‌కి లేని నియమం, ఆదివారం పొద్దుటి ఇరవై కిలోమీటర్లకి ఎందుకు?

మీ మీద నాకు కోపం లేదు. హైదరాబాద్‌కి తిరిగొచ్చాక మొదటి క్లబ్ రైడ్‌లో నన్ను గండిపేట దాటాక అందరూ వదిలేసి వెళ్ళిపోయారు. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ ఒక్కదాన్నే ఇల్లు చేరాను. ఏడాది దాకా మళ్ళీ ఏ గ్రూపు వైపూ వెళ్ళలేదు. తర్వాత ఒకసారి శంకర్‌పల్లి రోడ్డులో పంక్చరై నిలబడితే, ముఖపరిచయం కూడా లేని ఇద్దరు క్లబ్ కుర్రాళ్ళు ఆగి, ట్యూబ్ మార్చి, డబ్బులిస్తే తీసుకోకుండా వెళ్ళారు. మీలో రెండు రకాలూ చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, జీతం రాని పనికి ఇంత ఓపిగ్గా వచ్చే మనుషులు ఏ రంగంలోనైనా తక్కువ. అందుకే అడిగే ధైర్యం వచ్చింది.

నెలకి ఒక్క ఆదివారం ఏ సైకిల్ ఉన్నా రావొచ్చని పెట్టండి. పదిహేను, ఇరవై కిలోమీటర్లు చాలు. వేగం అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ళది. చివర్లో ఒక అనుభవం ఉన్న రైడర్ని ఉంచండి, వెనకబడ్డవాళ్ళని చూసుకునే పని ఆ రోజుకి పూర్తిగా ఆయనదే లేదా ఆవిడదే. ఆ రోజు సగటు వేగం రైడ్లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో ఎంత వచ్చిందని గ్రూపులో పెట్టకండి. కొత్తవాళ్ళకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. బలమైన రైడర్లకి మిగిలిన మూడు ఆదివారాలు ఉన్నాయి.

మీ వాట్సాప్ గ్రూపుల్లో రూట్లూ రూల్సూ అన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగులో కూడా రాయండి. బయల్దేరేముందు చెప్పే నాలుగు మాటలూ తెలుగులో చెప్పండి. రోడ్డు మీద గుంతుంటే ముందువాడు చేత్తో ఎలా చూపిస్తాడు, ఆగేటప్పుడు ఏమని అరవాలి, ఎడమ నుంచి ఎందుకు దాటకూడదు. ఇవి అర్థం కాక ఒక పిల్లవాడు పడితే అది మనందరి తప్పే.

ఎక్కడ మొదలుపెడతారో కూడా చూడండి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సోలార్ సైకిల్ ట్రాక్ నాకు చాలా ఇష్టం. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ, పక్కన లారీల భయం లేదు. కానీ అక్కడికి చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వస్తారు. కారు లేనివాడు ట్రాక్ చేరాలంటే తెల్లారకముందే సర్వీసు రోడ్డులో టిప్పర్లు, కాంక్రీట్ మిక్సర్ల మధ్య తొక్కుకుంటూ రావాలి. ట్రాక్ మీద సేఫ్, ట్రాక్ దాకా కాదు. కాలనీల దగ్గర నుంచి ఒక పెద్ద రైడర్ నలుగురు కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని తీసుకొస్తే సగం భయం పోతుంది. ఆడపిల్లల తల్లిదండ్రులకి మరీను. నన్ను తొమ్మిదో తరగతిలో ఆపేసినట్టు ఇవాళ ఏ అమ్మాయినీ ఆపకూడదంటే, పొద్దున్నే ఇంటి గేటు దగ్గరికి వచ్చి పిలిచే ఇంకో ఆడమనిషి ఉండాలి. మీ క్లబ్బుల్లో అలాంటివాళ్ళు ఉన్నారు. అడగండి, కాదనరు.

రూల్స్ లేకపోతే ప్రమాదం కదా అంటారు. నిజమే. హెల్మెట్ లేకుండా రావద్దనండి. బ్రేకులు సరిగా పట్టకపోతే ఆ రోజు వద్దనండి, బాగుచేసుకుని వచ్చే వారం రమ్మనండి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి చేయండి. ఇవి ప్రాణానికి సంబంధించినవి. స్టాండూ క్యారేజీ అలాంటివి కావు. క్లబ్బులో నాలుగు హెల్మెట్లు, నాలుగు లైట్లు అదనంగా ఉంచితే కొత్తగా వచ్చేవాళ్ళకి ఇచ్చి తీసుకోవచ్చు. వాటికయ్యే ఖర్చుకి మీకెవరైనా కావాలంటే మొదటి పేరు నాది రాసుకోండి.

ఇంకొకటి. రేపు అర్షద్ లాంటివాళ్ళు మీ ఊరికొస్తే శాలువా కప్పి, ఫోటో దిగి పంపించేయకండి. వేదిక మీంచి దించి, ఆయన ఒప్పుకుంటే, కొత్తవాళ్ళతో ఒక రెండు కిలోమీటర్లు సైకిల్ మీద తిప్పండి. పిల్లలు ఆయన్ని అడిగే ప్రశ్నలు మనం అడిగేవి కావు. మా ఇస్త్రీ బండి అబ్బాయి దగ్గర ఒకటి ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది: ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ పైకి ఎలా వస్తుంది?

వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి నేనూ, వాడూ నార్సింగి దగ్గర ట్రాక్ మొదట్లో ఉంటాం. కొల్లూరు వైపు ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్ళి వెనక్కి తిరుగుతాం. మీలో ఏ క్లబ్బు నుంచైనా ఒకరిద్దరు వస్తే వాడికి చాలా సంతోషం. స్టాండూ క్యారేజీ విప్పేస్తానని మొన్న పానా తెచ్చుకున్నాడు. నేను వద్దన్నాను. తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి వాడు ఇస్త్రీ బట్టల మూటలు మూడు బ్లాకులకి చేర్చాలి. క్యారేజీ లేకపోతే అవి ఎక్కడ పెడతాడు?